జలుబు సంగతి దాచకండమ్మా

ప్రశ్న

మేడం, మాది పాకాల దగ్గర పల్లె. మా అబ్బోడికి పద్నాలుగో నెల, బరువు తొమ్మిది కిలోలు. ఏడ్చినప్పుడు కుడి గజ్జలో ఉబ్బు వస్తుంది, హెర్నియా అన్నారు. తిరుపతిలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. మత్తు డాక్టరు చూసి కాగితం మీద నాడి 128, బీపీ 86/50 అని రాశారు. నాదేమో నాడి 78, బీపీ 110/70. పక్కింటాయన దగ్గర బీపీ మిషను ఉంటే వాడి చేతికి కట్టి చూశాం, ఇంకా తక్కువ చూపించింది. బిడ్డకు లో బీపీ ఉందేమో, గుండె అంత వేగంగా కొట్టుకోవడం జబ్బేమో అని దిగులుగా ఉంది. మత్తులో గుండె నిదానిస్తే ఇవ్వడానికి మందు సిద్ధంగా పెట్టుకుంటామని కూడా డాక్టరు అన్నారు. అంటే నిదానిస్తుందనే కదా? నడుము కింద సూది కూడా వేస్తారట. నా సిజేరియన్‌కు వెన్నులో సూది వేసినప్పుడు బీపీ పడిపోయి, కళ్ళు బైర్లు కమ్మి వాంతి చేసుకున్నాను. ఆ బాధ చెప్పుకోవడానికి నాకు నోరుంది, వాడికి లేదు. మా అత్త ముందురోజు రాత్రి నుంచి పాలు కూడా ఇవ్వొద్దంటోంది. ఆపరేషన్‌కు ముందే కొండకు పోయి పుట్టు వెంట్రుకలు తీయించాలని కూడా అంటోంది. రెండు రోజులుగా వాడికి ముక్కు కారుతోంది. ఆసుపత్రిలో చెబితే తేదీ మారుస్తారని, బెంగళూరులో పని చేసే మా ఆయన తనకు మళ్ళీ సెలవు దొరకదని, చెప్పొద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

— ఒక తల్లి

జవాబు

అమ్మా,

మీ ప్రశ్నల్లో ఎక్కువ భాగం అంకెల గురించి. చదువుతూ చదువుతూ మత్తు డాక్టరుగా నేను ఆగిపోయింది మాత్రం చివర్లో, పెద్ద విషయం కానట్టు మీరు రాసిన ముక్కు కారడం దగ్గర. అందుకే ఉత్తరం అందిన రోజే మిగతావన్నీ పక్కన పెట్టి ఒక్క ముక్క పంపాను, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి జలుబు సంగతి చెప్పమని. మీరు చెప్పారు. తేదీ మూడు వారాలు జరిగిందని, అందుకు ఇంట్లో మాటలు పడ్డారని మళ్ళీ రాశారు. మాటలు పడాల్సి వచ్చినందుకు నాకు బాధగా ఉంది. కానీ మీ బిడ్డ గుండె కోసం ఇంట్లో ఉండి ఒక తల్లి చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది మీరు చేసేశారు. జలుబుకూ గుండెకూ సంబంధమేమిటని మీ ఆయన అడిగారట. ఆ సంబంధం అర్థం కావాలంటే ముందు మీ అంకెల దగ్గరికే రావాలి. మీ ఆయనకూ మీ అత్తగారికీ కూడా ఇది చదివి వినిపించండి.

పొలం గట్టున ఉన్న తొట్టి నింపాలనుకోండి. పెద్దవాడు బిందెతో తోడతాడు, నిదానంగా తోడినా నిండుతుంది. పసివాడి చేతిలో ఉండేది చిన్న చెంబు. చెంబు పెద్దది కాదు కనుక వాడు గబగబా తోడాల్సిందే. మీ గుండె ఒక్కసారి కొట్టుకుంటే దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వెళ్తుంది. మీ వాడి గుండె ఒక్కో దెబ్బకు పంపేది 10 మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ, అంటే రెండు చిన్న చెంచాలంత. పసిగుండె కండరంలో ముడుచుకునే పోగులు తక్కువ, సాగే గుణం కూడా తక్కువ. అవసరం పడినప్పుడు ఇంకాస్త నింపుకుని ఇంకాస్త గట్టిగా నెట్టడం దానికి పెద్దవాళ్ళ గుండెకు చేతనైనంతగా చేతకాదు. మొదటి ఏడాదిలో ఈ ఇబ్బంది ఎక్కువ, తర్వాత మెల్లమెల్లగా తగ్గుతుంది. కాబట్టి ఒళ్ళంతటికీ రక్తం చాలాలంటే వాడి దగ్గర ఉన్న దారి ఒకటే, వేగంగా కొట్టుకోవడం. పుట్టిన బిడ్డకు నిమిషానికి 120 నుంచి 160, ఏడాది దాటినవాడికి మెలకువలో 100 నుంచి 140 దాకా ఉండడం ఆరోగ్యమే. 128 అంటే వాడి గుండె చక్కగా పని చేసుకుంటోందని.

ఒక పని చేసి చూడండి. వాడు గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఎడమ రొమ్ము మీద మీ అరచెయ్యి మెత్తగా ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. నూరు దగ్గరికో, ఇంకాస్త కిందికో దిగి ఉంటుంది. ఏడ్చేటప్పుడు లెక్కపెడితే 160 కూడా దాటొచ్చు. పసివాళ్ళ నాడి రోజులో ఎన్నిసార్లు ఎక్కుతుందో, దిగుతుందో మీ చేతికే తెలిస్తే కాగితం మీది అంకె అంతగా బెదిరించదు. ఆపరేషన్ రోజున కూడా ఈ లెక్క మీకు పనికొస్తుంది.

బీపీ సంగతీ అంతే. ఏడాది నుంచి పదేళ్ళ దాకా పిల్లల పైఅంకెకు మేం వాడే మోటు లెక్క ఒకటుంది. వయసును రెండుతో గుణించి 90 కలిపితే మామూలు అంకె వస్తుంది. 70 కలిపితే అంతకన్నా కిందికి పోకూడని హద్దు వస్తుంది. మీ వాడికి మామూలు అంకె 92, కింది హద్దు 72. వాడిది 86. లో బీపీ అనే మాటే లేదు. పక్కింటాయన మిషను చూపించిన అంకెను మరిచిపోండి. పెద్దవాళ్ళ చేతికి కుట్టిన పట్టీని పసి చేతికి చుడితే మిషను తక్కువ చూపిస్తుంది, మరీ చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. పట్టీలో గాలి నిండే భాగం వెడల్పు చేతి చుట్టుకొలతలో నూటికి 40 వంతులు ఉండాలి. అందుకే పిల్లల ఆపరేషన్ చేసే చోట మూడు నాలుగు సైజుల పట్టీలు వేలాడుతుంటాయి.

గుండెలో నిజంగా లోపం ఉంటే దాని గుర్తులు వేరే. పాలు తాగుతుంటే నుదురు తడిసేంత చెమట పట్టడం, రెండు గుక్కలకే ఆయాసపడి వదిలేయడం, పెదాలు నీలంగా మారడం, నెలలు గడిచినా బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం. ఇవేవీ మీరు రాయలేదు. డాక్టరు గుండె విని అనుమానపడి ఉంటే మత్తుకు ముందే ఎకో, అంటే గుండె స్కాన్, చేయించుకు రమ్మనేవారు. పిల్లల గుండె చూపించుకోవడానికి ఇప్పుడు మన వాళ్ళు చెన్నైకో వేలూరుకో పోవాల్సిన అవసరమూ తగ్గింది. తిరుపతిలోనే 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచారు. ఈ సమాధానం చదివే తల్లిదండ్రుల్లో ఎవరి బిడ్డకైనా గుండెలో రంధ్రం ఉందని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే, అది తనంతట తానే పూడిపోయిందని మీరు అనుకుంటున్నా సరే, మత్తు డాక్టరుకు పాత కాగితాలన్నీ చూపించండి.

ఇక మత్తులో ఏం జరుగుతుందో. గుండెకు రెండు రకాల నరాలు వెళ్తాయి, ఒకటి వేగం పెంచేది, ఒకటి తగ్గించేది. తగ్గించే వేగస్ నరం పుట్టేనాటికే బలంగా పని చేస్తుంది. పెంచే నరాల ఏర్పాటు మాత్రం పుట్టాక నెలలూ ఏళ్ళూ పట్టి కుదురుకుంటుంది. బ్రేకులు గట్టిగా ఉండి యాక్సిలరేటరు ఇంకా కుదురుకోని బండి అనుకోండి. గొంతులోకి గొట్టం పెట్టేటప్పుడు, హెర్నియా సంచిని సర్జన్ పట్టి లాగేటప్పుడు ఆ బ్రేకు పడి నాడి టక్కున దిగొచ్చు. సర్జన్ చెయ్యి వదలగానే చాలాసార్లు దానంతటదే లేస్తుంది. మెల్లకన్ను ఆపరేషన్‌లో కంటి కండరం లాగినప్పుడు ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్ట్రియాలో అష్నర్, ఇటలీలో దాగ్నీని అనే ఇద్దరు వైద్యులు 1908లోనే దీన్ని రాసిపెట్టారు. అంటే మీ డాక్టరు మీకు చెప్పింది నూరేళ్ళకు పైగా తెలిసిన విషయం. తెలిసిన విషయం కనుకే మందు ముందే సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకుంటారు. వర్షాకాలంలో గొడుగు పట్టుకుపోయేవాడు వాన పడి తీరుతుందని పోడు కదా.

ఆ మందు పేరు అట్రోపిన్. మన రోడ్ల పక్కన పెరిగే ఉమ్మెత్తలో ఉండే విషం కూడా ఈ కుటుంబానిదే. కొలత తెలిసినవాళ్ళ చేతిలో అది ఆ వేగస్ బ్రేకును వదిలించే మందు. కిలోకు 20 మైక్రోగ్రాముల చొప్పున మీ వాడికి 180, అంటే 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్‌లో మూడో వంతు కన్నా తక్కువే. అది ఇస్తే కాసేపు ముఖం ఎర్రబడుతుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, నోరు ఎండుతుంది. బయటికి తెచ్చినప్పుడు అలా కనిపిస్తే జ్వరమని కంగారు పడకుండా అక్కడి నర్సును అడగండి, అట్రోపిన్ ఇచ్చారా అని.

మత్తుమందుల్లో కూడా ఒక్కోదాని తీరు ఒక్కోటి. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో పిల్లలకు హాలోథేన్ పట్టేవాళ్ళం. 1956లో ఇంగ్లండులో వాడకానికి వచ్చిన మందది. వాసన కాస్త తియ్యగా ఉండేది, పిల్లలు మొహం తిప్పుకునేవాళ్ళు కాదు. కానీ గుండె పట్టు సడలించేది, నాడిని నిదానం చేసేది. అందుకే మా పెద్దలు మాకు నేర్పిన మొదటి పాఠం, ఏ మిషను ఉన్నా లేకపోయినా ఒక వేలు బిడ్డ నాడి మీద ఉండాలని. ఇప్పుడు దాని చోట సెవోఫ్లూరేన్ వచ్చింది, జపాన్‌లో 1990లో మొదలైంది. గుండె వేగాన్ని అంతగా దించదు. రక్తనాళాలను కాస్త వదులు చేస్తుంది కనుక బీపీ మాత్రం కొంత దిగుతుంది. నరంలోకి ఇచ్చే ప్రొపోఫాల్‌తో కూడా అంతే. కెటమిన్ అనేది దీనికి తలకిందులు, నాడినీ బీపీనీ పెంచుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మాత్రం సెవోఫ్లూరేన్‌తో కూడా నాడి దిగడం ఎక్కువ, ఆ తల్లులు ఇది గుర్తు పెట్టుకోవాలి.

బిడ్డ నిద్రలోకి జారాక, కత్తి ఇంకా తగలక ముందు ఉండే పది పదిహేను నిమిషాలు బీపీ బాగా కిందికి ఉండే సమయం. లేపేవాళ్ళు లేరు, మందు మాత్రం పని చేస్తోంది. అప్పుడు మేం మందు తగ్గిస్తాం, సెలైన్ కాస్త పెంచుతాం. 86 ఉన్నవాడికి 75 ఉందంటే మేం బెదరం. నాడి బాగుందా, అరికాలు వెచ్చగా ఉందా చూసుకుంటాం. అదే నాడి 128 నుంచి నూరు దాటి కిందికి జారుతూ పోతోందంటే అందరం పని ఆపి కారణం వెతుకుతాం. చెంబు సంగతి చెప్పాను కదా, తోడే వేగం సగమైతే తొట్టిలోకి వచ్చే నీళ్ళూ దాదాపు సగమే. పెద్దవాడికి నిమిషానికి 60 అంటే మామూలు. మీ వాడి వయసులో 60కి దిగి, ఒంటికి రక్తం సరిగా అందడం లేదంటే గుండె మీద చేత్తో నొక్కడం మొదలుపెట్టాలి. రెంటికీ అంత తేడా ఉంది.

ఇప్పుడు జలుబు. వేగస్ గురించి, మందుల గురించి ఇంత చెప్పినా, ఆపరేషన్ బల్ల మీద పసిబిడ్డ నాడి ప్రమాదకరంగా దిగిందంటే నేను ముందు అనుమానించేది గుండెను కాదు, ఊపిరిని. పసి ఒళ్ళు ప్రాణవాయువును పెద్దవాళ్ళకన్నా దాదాపు రెండింతలు ఖర్చు పెడుతుంది, కిలోకు నిమిషానికి ఆరేడు మిల్లీలీటర్లు. ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ, మత్తులో ఇంకా తగ్గుతుంది. ఊపిరి ఆగితే పెద్దవాడికి నిమిషాల గడువుంటుంది, బిడ్డకు ఆ గడువు చాలా చిన్నది. ప్రాణవాయువు తగ్గగానే పసిగుండె నిదానిస్తుంది. జలుబు చేసిన బిడ్డ ఊపిరిదారి లోపలంతా రేగి ఉంటుంది. చీమిడి చుక్క పడినా, గొట్టం తగిలినా స్వరపేటిక తలుపులు ఠక్కున మూసుకుపోతాయి. లారింగోస్పాజం అంటాం. లోపలికి గాలి పోదు. ముక్కు కారడం తగ్గినంత మాత్రాన ఆ రేగుడు తగ్గదు, ఇంకో రెండు వారాలో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. మీకు మూడు వారాలు గడువిచ్చారంటే అందుకే.

చాలా ఏళ్ళ కిందటి మాట చెప్తాను. ఈ ప్రాంతంలోనే ఒక ఆసుపత్రి. రెండున్నరేళ్ళ పాప, చేతి వేలి మీద చిన్న ఆపరేషన్. జలుబూ దగ్గూ ఏమైనా ఉన్నాయా అని అడిగాను, ఏమీ లేవన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. గొట్టం తీశాను, తీసిన మరుక్షణం గొంతు మూసుకుపోయింది. వేలికి తొడిగిన ఆక్సిమీటరు టిక్ టిక్ మంటుంటుంది కదా, రక్తంలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ ఆ శబ్దం సన్నటి స్వరం నుంచి బొంగురు స్వరానికి దిగుతుంది. మేం తెర వైపు చూడకపోయినా చెవితో పట్టుకుంటాం. ఆ రోజు ఆ స్వరం మెట్టుమెట్టుగా దిగిపోవడం విన్నాను. వెంటనే టిక్కుల మధ్య ఎడం పెరగడం విన్నాను. 130 ఉన్న నాడి 70కి వచ్చింది. దవడ ముందుకెత్తి, మాస్కు బిగించి, ప్రాణవాయువు ఒత్తిడిగా పట్టి, మరో మందు నరంలోకి ఇచ్చాక గొంతు వదులైంది. గాలి లోపలికి పోయిన తర్వాతే నాడి లేచింది. ఆ కాస్సేపు ఎంతసేపో ఇప్పటికీ నాకు తెలియదు, గడియారంలో నిమిషం కూడా అయ్యుండదు. బయటికి వచ్చి పాప బాగుందని చెప్పాక, వాళ్ళ నాయన తల దించుకుని అన్నాడు, మూడు రోజులుగా దగ్గుతోంది మేడం, చెబితే వాయిదా వేస్తారని చెప్పలేదు, కూలి పోతుందని. ఆయన్ను నేను ఒక్క మాటా అనలేదు. కూలి పోవడం చిన్న కష్టం కాదు. కానీ ఆయన ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ బిడ్డను ఆ రోజు బల్ల ఎక్కించేదాన్ని కాదు.

మీ ఆయనకు నేను చెప్పేది అదే. సెలవు పోయిన కష్టం నిజమైనదే. జలుబు చెప్పినంత మాత్రాన ప్రతిసారీ వాయిదా పడుతుందనీ లేదు. జ్వరం లేకుండా, ఛాతీ శుభ్రంగా ఉండి, నీళ్ళలాంటి ముక్కు కాస్త కారుతుంటే, అనుభవమున్న డాక్టరు చూసి జాగ్రత్తలు పెంచి చేసేయొచ్చు కూడా. జ్వరం, గరగర దగ్గు, పచ్చటి చీమిడి, పిల్లికూతలు ఉంటే ఆపుతారు. ఏది చేయాలో ఎంచేది వాళ్ళ పని. వాళ్ళకు నిజం చెప్పడం మన పని.

నడుము కింద సూది గురించి మీరు రాసిన తీరు నాకు మనసుకు తగిలింది. అదీ ఇదీ ఒకటి కాదమ్మా. వాడికి వేసేది వెన్ను మధ్యలో కాదు, పిరుదుల చీలిక మొదలయ్యే చోట తోక ఎముక పైన ఉండే చిన్న సందులో. కాడల్ అంటారు. వాడు పూర్తిగా నిద్రపోయాకే వేస్తారు, ఆ పోటు వాడికి తెలియదు. మీకు బీపీ ఎందుకు పడిందంటే, పెద్దవాళ్ళ కాళ్ళలోని రక్తనాళాలను కొన్ని నరాలు ఎప్పుడూ బిగించి పట్టుకుని ఉంటాయి. వెన్నులో మందు ఆ నరాలను నిద్రపుచ్చగానే నాళాలు వదులై రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది. పైగా నిండు గర్భం వెనకనున్న పెద్ద సిరను నొక్కి గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని ఆపుతుంది. మీ వాడికి ఆ నరాల బిగింపు ఇంకా అంతగా రాలేదు, వదులైనా పోయేదేముంది? కాళ్ళు ఒంటిలో చిన్న భాగం, వాటిలో నిలిచే రక్తమూ తక్కువే. అందుకే ఆరేళ్ళలోపు పిల్లల్లో ఈ సూదితో బీపీ దాదాపు కదలదు. వేగం పెంచే నరాలు ఇంకా కుదురుకోకపోవడం లోపమని పైన చెప్పాను, ఇక్కడ ఆ లోపమే వాడికి రక్ష. ఈ సూది వల్ల కత్తి తగిలినప్పుడు నాడి, బీపీ ఎగరవు, మత్తు గ్యాసు తక్కువతో సరిపోతుంది, లేచాక కొన్ని గంటలు నొప్పి తెలియదు.

ఈ మూడు వారాల్లో మీరు కనిపెట్టుకోవాల్సింది ఆ ఉబ్బునే. ఎప్పుడైనా అది గట్టిపడి, పడుకోబెట్టినా లోపలికి పోకుండా, ముట్టుకుంటే వాడు కేకలు పెడుతూ వాంతి చేసుకుంటే, తేదీ, జలుబు, సెలవు ఏదీ చూడకండి. అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. పేగు ఇరుక్కుందంటే అప్పుడు జలుబు ఉన్నా ఆపరేషన్ చేయాల్సిందే, అది ఎలా చేయాలో మాకు తెలుసు.

స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టడం ఈ కొన్నాళ్ళు మానేయండి. తలంటి గుడ్డతో తుడిస్తే చాలు. ఇంట్లో బీడీ, సిగరెట్ ఎవరు కాల్చినా వాకిలి దాటి కాల్చమనండి, పొగ మధ్య పెరిగే పిల్లల గొంతు మత్తులో మూసుకుపోవడం ఎక్కువ. పుట్టు వెంట్రుకల సంగతి మీ అత్తగారికి నా తరఫున చెప్పండి. గుండు వల్ల మత్తుకు ఏ అడ్డూ లేదు. కానీ కొండ మీద క్యూలో, కళ్యాణకట్ట దగ్గర అన్ని ఊళ్ళ జనం మధ్య ఇంకో జలుబు అంటుకుంటే మళ్ళీ మూడు వారాలు. గాయం మానాక నిదానంగా తీసుకుపోండి. మొక్కు ఎక్కడికీ పోదు, స్వామి అక్కడే ఉంటాడు.

రాత్రి నుంచి పాలు ఆపడం మాత్రం ఒప్పుకోకండి. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు మత్తు ఎక్కగానే బీపీ మామూలు కన్నా ఎక్కువ దిగుతుంది, సెలైన్ పెట్టడానికి నరమూ దొరకదు. మన ఎండలకు ఇది ఇంకా ఎక్కువ. ఎక్కువ చోట్ల పాటించే లెక్క 2-4-6. నీళ్ళు, చక్కెర నీళ్ళు రెండు గంటల ముందు వరకు. తల్లిపాలు నాలుగు గంటల ముందు వరకు. ఆవుపాలు, డబ్బాపాలు, అన్నం ఏదైనా ఆరు గంటల ముందు వరకు. ఆపరేషన్ ఉదయం ఎనిమిదికైతే తెల్లవారుజామున మూడున్నరకు అలారం పెట్టుకుని లేపి తల్లిపాలిచ్చి నాలుగుకల్లా ఆపేయండి, ఆరులోపు నాలుగైదు చెంచాల చక్కెర నీళ్ళు పట్టండి. మీ ఆసుపత్రి వాళ్ళు వేరే గంటలు చెప్పి ఉంటే అవే మీకు లెక్క. ఆలస్యమై పదకొండుకు జరిగిందనుకోండి, మళ్ళీ నీళ్ళు పట్టమంటారా అని మొహమాటం లేకుండా అడగండి. రాగి జావ నీళ్ళలా పల్చగా కనిపించినా అది అన్నమే, ఆరు గంటల లెక్కలోకే వస్తుంది. ఆ పొద్దున ఎవరైనా ప్రసాదమని లడ్డు తుంపు తెస్తే వాడి నుదుటికి తాకించి దాచి ఉంచండి. ప్రేమతో నోట్లో పెట్టిన చిటికెడు కూడా కడుపులో ఉంటే, మత్తులో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు.

లోపలికి వెళ్ళే ముందు మత్తు డాక్టరును రెండు మాటలు అడగడం తప్పు కాదు, ఏ మంచి డాక్టరూ తప్పు పట్టరు. ఏడాది చుట్టుపక్కల పిల్లలకు మీరు తరచూ మత్తు ఇస్తుంటారా? ఊపిరి బయటికి వదిలే గాలిని కొలిచే మిషను, పిల్లల సైజు మాస్కులు ఉన్నాయా? ఏడాదిలోపు పిల్లలకు మత్తు ప్రమాదం పెద్ద పిల్లలకన్నా ఎక్కువన్నది నిజం. మీ వాడు ఆ గట్టు దాటాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, ఆపరేషన్ చిన్నది. అలవాటున్న చేతులు కూడా ఉంటే మీకు దిగులు చాలావరకు అక్కర్లేదు. మొలతాడు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. అరికాలిలో దిష్టి చుక్క పెట్టి ఉంటే శుభ్రంగా తుడిచేయండి, ఆక్సిమీటరు కాలికి తొడిగితే అది వెలుతురు పంపి చదువుతుంది, కాటుక అడ్డం వస్తుంది. బుగ్గ మీది చుక్క ఉండనివ్వండి.

సెవోఫ్లూరేన్ నుంచి లేచే పసివాళ్ళు కొందరు చూసేవాళ్ళ గుండె తరుక్కుపోయేలా ఏడుస్తారు. తల్లిని గుర్తుపట్టనట్టు గింజుకుంటారు. నొప్పి లేకపోయినా అలా చేస్తారు, సగం నిద్ర, సగం మెలకువ. పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. అప్పుడు తెర మీద 160 కనిపిస్తుంది, భయపడకండి, ఏడుస్తున్నాడు కాబట్టి. నర్సు సరేననగానే ఒళ్ళోకి తీసుకుని రొమ్ముకు పట్టండి. గుక్కలు పడి, కళ్ళు మూతలు పడ్డాక, ఇంట్లో నేర్చుకున్నట్టే వాడి ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టండి.